పోత ఇనుప పెనం: మధ్యలో మాడుతోంది, అంచు పచ్చి

దోసెలపిచ్చి: పెనం కొని నెలయింది. ఇండక్షన్ స్టవ్ మీద దోసె నడుమ నల్లబడుతోంది, అంచు తెల్లగానే ఉంటోంది. పెనం మార్చాలా, స్టవ్ మార్చాలా? పిడి కూడా కాలుతోంది.

గుంటూరు_అత్తమ్మ: ఇనుమును అనకండి. మా అత్తగారి పెనం మీద ఇప్పటికీ దోసె కాగితంలా లేస్తుంది. ఇనుము వేడిని సమానంగా పంచుతుంది. మీరే సరిగా కాగనివ్వట్లేదు.

ఫిజిక్స్_మాస్టారు: సమానంగా పంచదు మేడమ్. వేడి పాకే లెక్క (ఉష్ణవాహకత, మీటరు-కెల్విన్‌కు వాట్లలో; అంకె పెద్దదైతే వేడి బాగా పాకుతుంది) చూస్తే రాగికి దాదాపు 400, అల్యూమినియానికి 235, పోత ఇనుముకి 50 దరిదాపు, స్టెయిన్‌లెస్ స్టీలుకి 15. ఇనుము గొప్పంతా బరువులో ఉంది. దాచుకున్న వేడి ఎక్కువ కాబట్టి చల్లటి పిండి పడ్డా పెనం చప్పున చల్లారదు.

గుంటూరు_అత్తమ్మ: అయితే ఆ లెక్కల మీదే దోసెలు పోసుకోండి.

ఓరుగల్లు_పిల్ల: మా ఇంట్లో సిల్వర్ పెనమే. ఎప్పుడూ మాడలేదు.

దోసెలపిచ్చి: వెండి పెనమా?!

ఓరుగల్లు_పిల్ల: అల్యూమినియాన్నే మా దగ్గర సిల్వర్ అంటారండీ. నవ్వకండి.

గుంటూరు_అత్తమ్మ: మేం సత్తు అంటాం. చింతపండు పులుసు పెడితే రుచి పాడు.

ఓరుగల్లు_పిల్ల: పులుసు ఊసు ఎవరెత్తారు? దోసె గురించి కదా!

ఫిజిక్స్_మాస్టారు: నిజం వెండైతే రాగిని కూడా మించేది. కానీ మామూలు అల్యూమినియం పెనం ఇండక్షన్ మీద కాగదు, అది గుర్తుంచుకోండి.

కేటరింగ్_బాబాయ్: 22 ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నా, నా మాట వినండి. ఇండక్షన్ లోపలి తీగచుట్ట ఎంత వెడల్పో పెనం అడుగు అంతమేరే కాగుతుంది. అక్కణ్ణుంచి వేడి అంచుదాకా మెల్లగా పాకాలి. మీరు ఫుల్‌లో పెట్టి రెండు నిమిషాలకే పిండి పోస్తున్నారు, అవునా? తక్కువలో పెట్టి పది నిమిషాలు ఆగండి.

కాలిన_వేళ్లు: నా గోడు వినండి. పిడిని తడి మసిగుడ్డతో పట్టుకున్నా. చురుక్కుమంది, మూడు వేళ్లు బొబ్బలెక్కాయి. పొడిగుడ్డయితే పోగుల మధ్య గాలి ఉంటుందట, నీళ్లు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తాయట. కాలాక తెలిసింది.

గుంటూరు_అత్తమ్మ: తడిగుడ్డతో ఎవరైనా పట్టుకుంటారా!

కాలిన_వేళ్లు: మీ అంత అనుభవం లేదులెండి.

దోసెలపిచ్చి: బాబాయ్ చెప్పినట్టే పది నిమిషాలు ఆగాను. అంచు కూడా ఎర్రగా వచ్చింది. పిడి మాత్రం ముందుకన్నా ఎక్కువ కాలుతోంది.