స్లోలో నిలబడని అంబాసిడర్: తప్పు పైపులదా, పెట్రోలుదా, షెడ్డుదా?

చీపురుపల్లి తెల్లబండి
అందరికీ నమస్కారం. మా నాన్నగారి అంబాసిడర్, 1800 ఐఎస్‌జెడ్, 1994 మోడల్. ఇసుజు ఇంజను, 1817 సీసీ. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతుంది. వేడెక్కాక గేటు దగ్గరో సిగ్నల్ దగ్గరో ఆపితే స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు, స్టీరింగ్, డోర్లు అన్నీ వణుకుతాయి. ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. 40 దాటి పరుగెత్తేటప్పుడు ఏ బాధా లేదు. చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే పిడి) కొంచెం లాగి పట్టుకుంటే స్లో నున్నగా వస్తోంది. ఒక షెడ్డులో కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) సర్వీసింగ్ చేయించి ప్లగ్గులు, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచేది) మూత, వైర్లు కొత్తవి వేయించాను. తేడా లేదు. ఇంకో షెడ్డులో కార్బురేటర్ మార్చేయమంటున్నారు. మా బాబాయి ఇదంతా ఇప్పటి పెట్రోలు వల్లే అంటున్నాడు. మళ్లీ డబ్బు పెట్టే ముందు మీ మాట విందామని అడుగుతున్నాను.

రాజాం పాతబండ్లు
మీ బాబాయి చెప్పిందే నిజం. పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. 1994లో కార్బురేటర్‌లో పెట్టిన జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు) మామూలు పెట్రోలుకు సరిపోయేవి. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన సరుకు. అవే జెట్లతో మిక్చర్ పల్చబడక, అంటే గాలి పాలు ఎక్కువవక, ఏమవుతుంది? చోక్ లాగితే బాగవుతోందంటే అర్థం అదే. నా ఫియట్‌లో పెట్రోల్ పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) ఉబ్బిపోయి పాడైంది. ఆ డబ్బు నాకు ఎవరిచ్చారు?

టెక్కలి గేజ్
మిక్చర్ పల్చగా ఉందన్నంతవరకు మీతో ఒప్పుకుంటాను. ఎందుకు పల్చబడిందన్నదే తేలాలి. పెట్రోలు వల్లనైతే అన్ని స్పీడుల్లోనూ పల్చబడాలి. ఈయన 40 దాటితే బాగుందంటున్నారు. స్లోలో త్రాటిల్ (ఇంజనుకు వెళ్లే గాలిని అదుపు చేసే రేకు) దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజను పీల్చే గాలే తక్కువ. అప్పుడు మేనిఫోల్డ్‌కు (కార్బురేటర్ నుంచి మిక్చర్‌ను ఇంజనుకు చేర్చే గొట్టాలకు) వెళ్లే ఏదో ఒక పైపు పగిలి దొంగగాలి లోపలికి వస్తే మిక్చర్ మొత్తం చెడుతుంది. పరుగెత్తేటప్పుడు ఇంజను పీల్చే గాలి ఎక్కువ కాబట్టి అదే పగులు లెక్కలోకి రాదు.

మేనిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ (ఇంజను గాలిని ఎంత బలంగా పీలుస్తోందో చూపే మీటరు) పెట్టించండి. ఇంజను మంచిదైతే స్లోలో పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు కదలకుండా నిలబడుతుంది. మన ఊళ్లు సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి ఎత్తు లెక్క తీసేయనక్కర్లేదు. ముల్లు కదలకుండా కిందనే ఉండిపోతే గాలి లీకో, టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెనకబడటమో. ఒకే తాళంలో టిక్కుటిక్కుమని కిందికి పడుతుంటే వాల్వు. గేజ్ పెట్టకుండా ఒక్క సామాను కూడా కొనకండి.

బొబ్బిలి బాబు
బ్రేక్ బూస్టర్ (ఇంజను వాక్యూమ్‌తో బ్రేకుకు సాయం చేసే డబ్బా) పైపు చూడండి అన్నా. మా మామయ్య బండిలో అదే.

దాసన్నపేట మెకానిక్
గేజ్ లేని రోజుల నుంచీ ఈ పని చేస్తున్నాను. స్లో జెట్‌లో చిన్న నలుసున్నా ఇవే లక్షణాలు: చోక్ లాగితే బాగుంటుంది, పరుగులో బాగుంటుంది. సర్వీసింగ్ చేశామంటే జెట్ విప్పి గాలి కొట్టారా, పైపైన తుడిచారా అన్నది చూడాలి. అలాగే డెల్కో పక్కన వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా (వాక్యూమ్‌ను బట్టి టైమింగ్ ముందుకు జరిపేది) ఉంటుంది. లోపల డయాఫ్రం చిరిగితే అదీ లీకే.

టెక్కలి గేజ్
ఆ డబ్బాకు వెళ్లే డెల్కో పైపు స్లోను చెడగొట్టదు మాస్టారూ. ఆ పైపును కార్బురేటర్‌లో త్రాటిల్ రేకుకు పైన ఉండే రంధ్రం నుంచి తీస్తారు. స్లోలో రేకు మూసి ఉంటుంది కాబట్టి అక్కడ వాక్యూమే ఉండదు. లేని వాక్యూమ్ లీకెలా అవుతుంది?

దాసన్నపేట మెకానిక్
అన్ని బండ్లకూ అక్కడి నుంచే తీయరు. కొన్నిటికి నేరుగా మేనిఫోల్డ్ నుంచే వస్తుంది. ఈ బండికి ఎవరు ఏ పైపు ఎక్కడ తగిలించారో మీరు టెక్కలిలో కూర్చుని చెప్పలేరు, దాసన్నపేటలో కూర్చుని నేనూ చెప్పలేను. స్లోలో ఆ పైపు పీకి వేలు పెడితే తెలిసిపోతుంది. లాగిందా లేదా, అంతే.

టెక్కలి గేజ్
నేను పుస్తకంలో ఉన్నది చెబుతున్నాను. మీరు వేలు పెట్టి చూడమంటున్నారు.

సాలూరు లారీ
ఇద్దరూ డెల్కో పైపు దగ్గరే ఆగిపోయారు. బొబ్బిలి తమ్ముడు చెప్పింది చూశారా లేదా?

టెక్కలి గేజ్
ఆగాల్సిన చోటే ఆగాను. నా ప్రీమియర్ పద్మినికి ఒక షెడ్డులో కాయిల్ మార్చారు, తర్వాత కండెన్సర్, తర్వాత పెట్రోల్ పంపు. చివరికి కార్బురేటర్ కింద ప్యాకింగ్ (జాయింట్‌లో గాలి దూరకుండా పెట్టేది) చిరిగిందని నేనే చూసుకున్నాను. మార్చినవాటికి అన్నిటికీ డబ్బు కట్టాను. ముందు జబ్బేమిటో తెలుసుకుని తర్వాత మందు వేయడం మీ షెడ్లలో ఎవరికీ పట్టదు.

దాసన్నపేట మెకానిక్
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. పొద్దున్న బండి పెడతారు. మధ్యాహ్నం దాకా ఒక్కో పైపూ నొక్కి, ఒక్కో జాయింటూ తడిమి పగులు పట్టుకుంటాను. జానెడు రబ్బరు ముక్క వేసి బిల్లు చెబితే "ఈ ముక్కకు ఇంతా?" అంటారు. అదే కార్బురేటర్ మార్చి వేలల్లో చెబితే మారుమాట లేకుండా ఇస్తారు, ఎందుకంటే చేతికి డబ్బా కనబడుతుంది. వెతకడానికి కూలి ఇచ్చే కస్టమర్ నాకు అరుదు. సామానుకే డబ్బిస్తామంటే కుర్రాళ్లు సామానే మారుస్తారు. మమ్మల్ని దొంగలనే ముందు ఇది ఆలోచించండి.

టెక్కలి గేజ్
దొంగలని నేననలేదు. పని తెలియనివాడు నా డబ్బుతో నేర్చుకుంటున్నాడన్నాను.

దాసన్నపేట మెకానిక్
మాకు వినబడేది రెండూ ఒకటే బాబూ.

చీపురుపల్లి తెల్లబండి
మీరిద్దరూ గొడవ పడుతుంటే నేను బానెట్ ఎత్తాను. ఇంజను స్లోలో ఉండగా మేనిఫోల్డ్ నుంచి బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపుకు గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కాను. నొక్కగానే వణుకు తగ్గి స్లో ఒక్కసారిగా పెరిగింది. వదిలితే మళ్లీ వణుకు. మేనిఫోల్డ్ దగ్గరి క్లిప్పు కింద రబ్బరు ఎండి గట్టిపడిపోయింది. పైకి ఏమీ కనబడదు, వంచితే అడుగువైపు గోరు దూరేంత పగులు నోరు తెరుస్తోంది. పట్టుకుంటే వేళ్లకు నల్లటి పొడి అంటుకుంది. వేరే పైపు వేసి చూశాను. ఇప్పుడు ఆగిపోవడం లేదు. కానీ స్లో చాలా ఎక్కువైంది, సన్నటి వణుకు ఇంకా ఉంది.

దాసన్నపేట మెకానిక్
ముందు ఒక జాగ్రత్త. వేసింది పెట్రోలు పైపో నీళ్ల పైపో అయితే వెంటనే తీసేయండి. అది వేడికి లోపలికి నొక్కుకుపోతుంది, బ్రేకుకు బూస్టర్ సాయం ఉండదు, పెడల్ రాయిలా అయిపోతుంది. వాక్యూమ్ పైపని అడిగి కొనండి. పరీక్ష: ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి.

స్లో ఎందుకు పెరిగిందంటే, లీకు పట్టుకోకుండా బండి ఆగిపోకూడదని షెడ్డులో స్లో స్క్రూ బిగించేశారు. టెక్కలి మాస్టారికి ఇంకో మాట. స్క్రూ బిగిస్తే త్రాటిల్ రేకు తెరుచుకుంటుంది, మీరు చెప్పిన ఆ రంధ్రం బయటపడి స్లోలోనే డెల్కోకు వాక్యూమ్ వెళుతుంది. పుస్తకం తప్పని కాదు. బండి పుస్తకంలో ఉన్నట్టు లేదు.

టెక్కలి గేజ్
స్క్రూ సంగతి సరే, ఒప్పుకోదగ్గ మాటే. గేజ్ పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేదన్న మాట మీద మాత్రం నేనున్నాను.

రాజాం పాతబండ్లు
ఆ రబ్బరును ఎండబెట్టింది ఇథనాల్ కాదా?

బొబ్బిలి బాబు
బూస్టర్ పైపులో పెట్రోలు పారదు కదండి. 1994 నుంచి ఇంజను వేడి మీద ఉన్న రబ్బరు.

రాజాం పాతబండ్లు
మేనిఫోల్డ్‌లోని ఆవిరి తగలదా? నా పంపు డయాఫ్రం సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

దాసన్నపేట మెకానిక్
పంపు విషయంలో మీ మాట కాదనను, పాత డయాఫ్రాలు ఇథనాల్‌కు తట్టుకోవు. కొత్త పెట్రోలుకు తగ్గ రబ్బరు అడిగి వేసుకోండి. ఈ వణుకు వేరు.

తెల్లబండి తమ్ముడూ, మిగిలిన వణుక్కి కార్బురేటర్ కింద ప్యాకింగ్, మేనిఫోల్డ్ నట్లు చూడాలి. సబ్బునీళ్లు కొద్దికొద్దిగా జాయింట్ల మీద వేసి స్లో మారుతుందేమో గమనించండి. పెట్రోలు మాత్రం చల్లవద్దు, వేడి సైలెన్సర్ మీద పడితే బండి తగలబడుతుంది. ఫ్యాన్ దగ్గర చెయ్యి జాగ్రత్త. మీవల్ల కాకపోతే విజయనగరంలో మా షెడ్డుకు తీసుకురండి. వెతికే కూలి ఎంతో ముందే చెబుతాను, దొరకకపోతే సగమే తీసుకుంటాను.

టెక్కలి గేజ్
కూలి ముందే చెబితే నా పద్మినినీ తెస్తాను. గేజ్ నాదే తెచ్చుకుంటాను.

చీపురుపల్లి తెల్లబండి
ఆదివారం షెడ్డు ఉంటుందా మాస్టారూ?

దాసన్నపేట మెకానిక్
ఉంటుంది. ఉదయమే రండి. ఇంజను చల్లగా ఉండగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూడాలి.