వై-90 అయ్యాక మామయ్యను ఇంటికి తీసుకురావచ్చా? ఆడపడుచు పురిటికి వచ్చి ఉంది

పెరంబూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది చెన్నై, పెరంబూరు. మామయ్యకు 67 ఏళ్లు. లివర్‌లో 6 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉంది, పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి లివర్‌కి రక్తం తెచ్చే సిర) కొమ్మలోకి కూడా పాకిందట. ఆపరేషన్ కుదరదన్నారు. మొదట టేస్ (గడ్డకు పోయే రక్తనాళంలోకి మందు పంపి దాన్ని మూసేయడం) చేద్దామన్నవాళ్లు సీటీ మళ్లీ చూసి, వద్దు, వై-90 చేద్దామన్నారు. రేడియేషన్ ఉన్న పూసలు రక్తనాళంలోకి పంపి గడ్డకు రక్తం అందకుండా చేస్తారని నాకు అర్థమైంది. రక్తం ఆపడమే పనైతే టేస్ సరిపోదా? ఇన్ని లక్షలు ఎందుకు? పైగా యాంజియో రెండుసార్లట. ఎందుకని అడిగితే "మ్యాపింగ్" అని ఒక్క ముక్క అనేసి వెళ్లిపోయారు.

అసలు టెన్షన్ వేరే ఉంది. మా ఆడపడుచు పురిటికి వచ్చి ఉంది, ఏడో నెల. మాది రెండు గదుల ఇల్లు. మా పిన్నత్తగారికి థైరాయిడ్‌కి రేడియేషన్ ఉన్న అయోడిన్ ఇచ్చినప్పుడు ఆసుపత్రిలో తలుపేసి విడిగా ఉంచారు, అది అత్తయ్య మనసులో ఉండిపోయింది. కూతుర్ని తిరిగి గూడూరు పంపించేద్దామంటోంది. ఆ పిల్ల రెండు రోజులుగా ఏడుస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు, విల్లివాక్కం:

అమ్మా, నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. నాకే ఇది జరిగింది, ఈ ఊళ్లోనే, కిందటి వానాకాలంలో. కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టు.

రక్తం ఆపడం గురించి నువ్వనుకున్నదే నేనూ అనుకున్నాను. తప్పు. రక్తం ఆపి గడ్డను మాడ్చేది టేస్. వై-90లో చంపేది రేడియేషన్. గాజు పూస 20 నుంచి 30 మైక్రాన్లు ఉంటుంది, అంటే తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. లక్షల పూసలు పంపినా సన్నటి చివరి నాళాల్లో ఇరుక్కుంటాయి తప్ప పెద్ద దారి మూసుకుపోదు. మూసుకుపోకపోవడమే మంచిది, ఎందుకంటే ఆక్సిజన్ అందుతున్న కణం మీదే రేడియేషన్ బాగా పనిచేస్తుంది. మీ మామగారికి మాట మార్చింది కూడా బహుశా ఇందుకే. ఆరోగ్యంగా ఉన్న లివర్‌కి నాలుగింట మూడొంతుల రక్తం పోర్టల్ వెయిన్ నుంచే వస్తుంది, గడ్డ మాత్రం దాదాపు అంతా హెపాటిక్ ధమని, అంటే లివర్‌కి పోయే ధమని నుంచి లాక్కుంటుంది. పోర్టల్ దారి ఇప్పటికే అడ్డుపడిన చోట ధమనిని కూడా మూసేస్తే మంచి లివర్ ఎండిపోతుంది కదా.

రెండు యాంజియోల సంగతి. మొదటిది ప్రీ-ఫైనల్ పరీక్ష అనుకో. పూసలకు బదులు టెక్నీషియం అనే రేడియేషన్ పదార్థం కలిపిన ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) రేణువులు పంపి, అవి ఎక్కడికి చేరాయో స్కాన్‌లో చూస్తారు. గడ్డలోంచి కొన్ని జారి ఊపిరితిత్తులకు పోతే ఎంత శాతమో లెక్కగడతారు. అది మరీ ఎక్కువైతే అసలు పరీక్ష రద్దు. పొట్ట, చిన్న పేగు వైపు పోయే కొమ్మ ఉంటే అవసరాన్ని బట్టి సన్నటి తీగచుట్టతో మూసేస్తారు, లేకపోతే పూసలు అటు వెళ్లి పుండ్లు పడతాయి. "మ్యాపింగ్" అన్న ఒక్క ముక్కలో ఇంత ఉంది. కూర్చోబెట్టి రెండు నిమిషాలు చెబితే వాళ్ల సొమ్మేం పోయేదో!

అసలు రోజు తమాషా వినండి. నా డోసు విదేశం నుంచి విమానంలో రావాలి. మంగళవారం పొద్దుటికి లెక్కగట్టి తెప్పించారు. సోమవారం రాత్రి కురిసిన వానకు మా వీధి చెరువైంది, నేనే ఆసుపత్రికి చేరలేకపోయాను. వై-90 అంటే యిట్రియం-90, దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, 64 గంటలు. ఒక రోజు ఆలస్యమైతే 23 శాతం కరిగిపోతుంది. మొలలోతు నీళ్లు చూస్తూ వరండాలో కూర్చుని ఈ లెక్క చేసుకున్నాను, మా ఆవిడ తిట్టింది. బుధవారం వాళ్ల ఫిజిసిస్టు మళ్లీ లెక్క వేసి, మిగిలింది చాలునని చెప్పాకే నా ప్రాణం కుదుటపడింది.

తర్వాతది చిన్న పనే. గజ్జ దగ్గర మత్తు సూది, మెలకువగానే ఉన్నాను. అక్రిలిక్ డబ్బాలోంచి సెలైన్‌తో పూసలు నెట్టారు, నాకేమీ తెలియలేదు. అయ్యాక రేడియేషన్ మీటరు పట్టుకుని అందరి చెప్పులు, నేల కూడా వెతికారు. కాలు కదపకుండా ఆరు గంటలు పడుకోవడమే కష్టం. తర్వాత మూడు వారాలు నీరసం, అన్నం చూస్తే విసుగు.

న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు, చెన్నై:

మాస్టారు లెక్కల్లో తప్పు లేదు. ఇంటి సంగతి నేను చెబుతాను.

అయోడిన్‌తో పోల్చకండి. అయోడిన్-131 గామా కిరణాలు విడుస్తుంది, అర్ధాయువు 8 రోజులు, మూత్రంలో, చెమటలో బయటికొస్తుంది. వై-90 విడిచేది బీటా కిరణాలు మాత్రమే. అవి కండలో సగటున రెండున్నర మిల్లీమీటర్లు పోతాయి, ఎంత పోయినా 11 మిల్లీమీటర్లు. ఒంటి బయటకు వచ్చేది కొద్దిపాటి ఎక్స్‌రే లాంటిది, అంతే. పూసలు లివర్‌లోనే ఉండిపోతాయి. వారం గడిచేసరికి ఆరోవంతు మిగులుతుంది.

అయినా కడుపుతో ఉన్న మనిషి కాబట్టి ఆ వారం పక్కన కూర్చోవద్దు, మీటరుకు పైగా దూరం ఉంటే మంచిది. ఒకే మంచం అసలే వద్దు. గాజువి కాక రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) పూసలైతే మొదటి రోజు మూత్రంలో కాస్త ఉండొచ్చు, ఫ్లష్ రెండుసార్లు, చేతులు బాగా కడుక్కోవడం. కంచాలు, బట్టలు విడిగా పెట్టక్కర్లేదు. డిశ్చార్జి ముందు మీటరు దూరంలో రేడియేషన్ రీడింగ్ ఎంతో అడిగి, జాగ్రత్తల కాగితం రాయించుకోండి, మీకు అదే లెక్క. గూడూరు పంపక్కర్లేదు.

ఖర్చు గురించి: పూసలు ఎక్కువగా దిగుమతివే. ముంబైలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) తయారుచేసిన భాభాస్ఫియర్ అనే మన గాజు పూసలు కూడా ఉన్నాయి, మీ ఆసుపత్రిలో దొరుకుతాయేమో అడగండి.

మారతహళ్లి నుంచి:

మా నాన్నకు బెంగళూరులో చేయించాం. అందరూ సాఫీగా రాశారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. నెల తర్వాత స్కాన్‌లో గడ్డ అంతే సైజులో ఉంది. డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరని మా అన్నయ్య కేకలేశాడు. మూడో నెల ఎంఆర్‌ఐలో చూస్తే సైజు కొంచెమే తగ్గింది కానీ లోపలంతా చచ్చిపోయి ఉంది. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. కాబట్టి సైజు చూసి కంగారు పడకండి.

రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పదార్థం) ఎంతుందో ముందే అడగండి. 2 దాటితే చాలామంది వెనకాడతారు. చేశాక ఒకటి రెండు నెలల్లో కామెర్లు, పొట్టలో నీరు వస్తే ఆలస్యం చేయొద్దు. ఇంకొకటి, 2017లో వచ్చిన ఫ్రెంచ్ సారా ట్రయల్‌లో సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రలతో పోలిస్తే దీనివల్ల ఆయుష్షు పెరగలేదు, బాధలు మాత్రం తగ్గాయి. ఆ తర్వాత గడ్డకు ఎంత డోసు చేరాలో మనిషిని బట్టి లెక్కగట్టినప్పుడు ఫలితం మెరుగైందని 2021లో డోసిస్ఫియర్ ట్రయల్ చూపించింది. మీ డాక్టర్ డోసు ఎలా లెక్కగడతారో అడగండి. మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు.

పెరంబూరు కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మ్యాపింగ్ నిన్న అయింది, ఊపిరితిత్తులకు పోయేది 6 శాతమేనట, పరవాలేదన్నారు. బిలిరుబిన్ 1.3. డోసు లెక్క గురించి అడిగితే డాక్టర్ ఈసారి కూర్చుని చెప్పారు మాస్టారూ, పది నిమిషాలు! ఆడపడుచు ఇక్కడే ఉంటుంది, వారం రోజులు మామయ్య మంచం హాల్లో. అత్తయ్య మాత్రం ఆయన కంచం, గ్లాసు అప్పుడే విడిగా తీసి అటక మీద పెట్టింది. అక్కర్లేదని టెక్నాలజిస్టు గారు రాసింది చదివి వినిపించాను కూడా.