జాతర పాటల ఆల్బంలో వాయించినోళ్ళ పేర్లు పాట పాటకూ వేయాల్నా, వద్దా?

స్వర్ణముఖి:
మా తిరుపతి కుర్రోళ్ళు కొందరు గంగ జాతర పాటలతో ఒక ఆల్బం తీస్తాండారు. వెనక కంపెనీ ఏమీ లేదు, చందాలు పోగేసుకొని సొంతంగా చేస్తాండారు. పాడేది ఇద్దరే. పంబ, పలక అనే కొట్టే వాయిద్యాలకు, ముఖవీణ అనే ఊదే వాయిద్యానికి, వంత పాడేదానికి చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషుల్ని పిలిపించినారు. రికార్డింగ్ అయిపోయింది. అట్ట మీద ఏం వేయాలన్న దగ్గర ఇప్పుడు పంచాయితీ నడుస్తాంది. పాడినోళ్ళ పేర్లు పెద్దక్షరాల్లో వేసి, కింద ‘సహకారం: పంబ బృందం, పలక బృందం’ అంటే చాలని సగం మంది అంటాండారు.

నేను దీనికి ఒప్పుకోను. బైరాగి వేషం మొదలు సున్నపు కుండల దాకా జాతరలో ఏ వేషం కట్టినా మనిషిని కదిలించేది ఆ మోతే. పంబ తీసేసి ఆ పాట వినండి, ఏం మిగుల్తుంది? ‘పంబ బృందం’ అని వేయడమంటే కులం పేరు వేసినట్టే. తరతరాలుగా వాళ్ళను అట్లనే పిలిచినాం, పేరు పెట్టి పిల్చింది తక్కువ. రికార్డులో కూడా అదే రాసిపెడతామా?

మన పక్క ఊర్లలో రాత్రంతా భారతం నాటకం ఆడేటప్పుడు చూడండి. పది రూపాయలు చదివించినాయన పేరు, ఊరు, తండ్రి పేరుతో సహా మైకులో మోగుతుంది. తెల్లవార్లూ మద్దెల కొట్టినాయన పేరు మటుకు ఎవరూ చెప్పరు. అదే ఆకాశవాణిలో కచేరీ వేస్తే వయొలిన్ మీద ఎవరు, మృదంగం మీద ఎవరని చెప్తారు. ఆ మర్యాద జానపదానికి ఎందుకు ఉండకూడదు?

నా మాట ఇది: ప్రతి పాటకూ విడివిడిగా, వాయించిన మనిషి పేరు, ఊరు, వాయిద్యం వేయాల. సౌండు చూసినోళ్ళవీ వేయాల.

చంద్రగిరి కోట:
అన్నా, మీ బాధ అర్థమైంది గానీ ఆల్బం తీసేవాడి కష్టం కూడా చూడండి. నేనూ సొంత డబ్బుతో పాటలు విడుదల చేసినవాణ్ణే. ముందే మాట్లాడుకొని, తాంబూలం ఇచ్చి పిలిపిస్తాం. బస్సు ఛార్జీలు, భోజనం, సంభావన అన్నీ ఇస్తాం. అక్కడికి లెక్క సరిపోయింది. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు గోడ మీద రాస్తామా?

ఇంకొక చిక్కు ఉంది. పాటను ఆన్‌లైన్‌లో పెట్టే సంస్థ ఫారంలో అందరినీ అతిథి కళాకారులుగా చేర్చితే పాట పేరు బారెడవుతుంది. మనోళ్ళ పేర్లు ఎంతమందికి ఉంటాయో మీకు తెలుసు. అదే పేరున్న ఇంకెవరి పేజీలోనో పోయి మన పాట కూర్చుంటుంది. దాన్ని సరిచేయించే లోపల పాట పాతబడిపోతుంది.

పలమనేరు:
మేస్త్రీకి, పంబ కొట్టేవాళ్ళకు చట్టంలోనే తేడా ఉంది చంద్రగిరి గారూ. 1957 కాపీరైట్ చట్టంలో ‘ప్రదర్శకుడు’ అంటే ఎవరో రాసిపెట్టినారు. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, దొమ్మరి ఆట ఆడేవాళ్ళు, పాములాడించేవాడు కూడా అందులో ఉన్నారు. వాళ్ళ ప్రదర్శన మీద వాళ్ళకు 50 ఏళ్ళు హక్కు ఉంటుంది. 2012 సవరణతో 38బి సెక్షన్ వచ్చింది. ప్రదర్శించింది తానేనని పేరు అడిగే హక్కు అది. వాడుకునే తీరును బట్టి పేరు వేయడం కుదరని చోట మాత్రమే మినహాయింపు. ఆల్బంలో కుదరదని ఎట్లా అంటాం?

కాగితం సంగతి కూడా చూసుకోండి. నోటిమాటతో హక్కు బదిలీ కాదు, రాతలో ఉండాలి. రాసుకున్న దాంట్లో గడువు లేకపోతే 5 ఏళ్ళకే అనుకోవాలి, ఎక్కడికి అన్నది లేకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. ఇది 19వ సెక్షన్, వాద్యకారులకూ వర్తిస్తుంది. మీ ఆల్బం దుబాయ్‌లో, అమెరికాలో కూడా వినిపిస్తుంది కదా. తాంబూలం ఇచ్చినాం, లెక్క తీరిపోయింది అనుకుంటే రేపు ఇబ్బంది పడేది మీరే.

మిక్సింగ్ గది:
పలమనేరు గారు చెప్పినదాంట్లో మా ఊసు లేదు, గమనించినారా? రికార్డు చేసేవాడు, మిక్సింగ్ చేసేవాడు ఆ ‘ప్రదర్శకుల’ జాబితాలోకి రారు. మాకు మిగిలేది పేరొక్కటే. అదీ తీసేస్తే ఇంకేముంది?

జానపదం రికార్డు చేయడం ఎట్లుంటుందో కొంచెం చెప్తాను. పలక చర్మాన్ని మంట మీద కాస్తేనే అది పలుకుతుంది. ఏసీ గదిలోకి తెస్తే కాసేపటికే మెత్తబడుతుంది. పాట పాటకూ బయటికి తీసుకుపోయి, గడ్డి మంట వేసి కాచి తెచ్చే పిల్లోడు ఒకడు ఉండాల. వాడు లేకుంటే ఆ రోజు పని లేనట్టే. పంబ అయితే ఒకదానికొకటి కట్టిన రెండు డోళ్ళు. దేనికి దగ్గరగా మైకు పెడితే రెండోది వినపడకుండా పోతుందో తెలియాల. జాతర దరువు మెల్లగా మొదలై పోను పోను ఊపందుకుంటుంది. చెవిలో టిక్ టిక్ పెట్టి ఒకే వేగంతో కొట్టమంటే ఆ ఊపు చచ్చిపోతుంది. అది వద్దు, అందరూ ఒకే గదిలో కూచొని ఒకేసారి వాయించండి అని నిర్ణయించేది సౌండు చూసేవాడే. ఒక్కరు తప్పినా మొదటి నుంచి కొట్టాల. ఇదంతా పాటలో వినిపిస్తానే ఉంటుంది, చేసినోడి పేరు మాత్రం ఉండదు.

ఫారం గురించి: అతిథి కళాకారుడి గడి వేరే, వాద్యకారుల గడి వేరే. పంబ, పలక వాద్యకారుల గడిలో వేయండి, పాట పేరు పొడుగు కాదు, పేజీలూ కలిసిపోవు. మిక్సింగ్, మాస్టరింగ్‌కూ గళ్ళు ఉన్నాయి. అందరూ ఖాళీగా వదిలేస్తారు, అంతే.

పులిచెర్ల కోడలు:
నేను వేరే మాట అడుగుతాను. మా అత్త ఇట్లాంటి పాటలకు వంత పాడింది. పేరు వేస్తామంటే వద్దంది. ఊర్లో నలుగురూ ఏమంటారోనని ఆమె భయం. అందరి పేర్లూ వేయాల్సిందే అని మీరు పట్టుబడితే ఆమె లాంటోళ్ళ గతి ఏంది?

స్వర్ణముఖి:
మంచి ప్రశ్న వేసినావమ్మా. ఆమె వద్దంటే వేయకూడదు, అందులో ఇంకో మాట లేదు. అయితే ఆమెను అడిగినారు గదా, అదే కావాల్సింది. మనోళ్ళు ఎవర్నీ అడగకుండానే ‘వంత: మహిళా బృందం’ అని రాసేసినారు. పూర్తి పేరు వద్దనుకుంటే ఇంటి పేరు లేకుండా వేయొచ్చు, ఊరు పేరు ఒక్కటే వేయొచ్చు, ఏమీ వేయకుండానూ ఉండొచ్చు. ఆ ఎంపిక ఆమెది.

చంద్రగిరి కోట:
సరే, మేస్త్రీ మాట వెనక్కి తీసుకోను గానీ పేర్ల వరకు ఒప్పుకుంటున్నా. గళ్ళ విషయం నాకు పనికొచ్చింది. కానీ ఈ చర్చ ఇక్కడ ఆగదు. పేరు వేసినాక వాటా అడుగుతారు. ఆల్బం నష్టపోతే ఆ నష్టంలో వాటా తీసుకుంటారా? చందా అప్పు తీర్చేది మేమే కదా.

స్వర్ణముఖి:
నష్టంలో వాటా వాళ్ళు ముందే తీసుకున్నారు తమ్ముడూ. పెండ్లిండ్ల కాలంలో మేళం బయానా వదులుకొని స్టూడియోకు వచ్చినోళ్ళు వాళ్ళు. మీరు ఇచ్చిన సంభావన దానికన్నా ఎక్కువేం కాదు.

నేనడిగేది పెద్దదేం కాదు. స్టూడియో ఖర్చు, అట్ట ఖర్చు ముందు మీరే రాబట్టుకోండి. ఆ తర్వాత వచ్చే రూపాయిలో వాయించినోళ్ళకు ఇంత, సౌండుకు ఇంత అని ఇప్పుడే రాసుకోండి. ఎంత అన్నది మీరూ వాళ్ళూ కూచొని తేల్చుకోండి, తెలుగులో రాయండి, చదువు రానోళ్ళకు గట్టిగా చదివి వినిపించండి. ఒక ప్రతి వాళ్ళ చేతికివ్వండి. ఏమీ రాకపోతే ఎవరూ అడగరు. వస్తే మటుకు, వచ్చిందని వాళ్ళకు తెలియాల.

మిక్సింగ్ గది:
పలక కాచిన పిల్లోణ్ణి కూడా ఆ కాగితంలో చేర్చండన్నా. వాడి పేరు ఏ గడిలో వేయాలో ఫారంలో లేదు, అట్ట మీద వేయండి.

స్వర్ణముఖి:
వేస్తాం. పూర్తి పేరు, ఊరు అడిగి పంపు.