చర్చ: ఆసుపత్రిలో అన్నం పెట్టేముందు బైబిలు వాక్యం చెప్పి తీరాలా?

తబిత:
అందరికీ వందనాలు. మా సంఘం యూత్ తరఫున ఆసుపత్రిలో రోగులకు తోడుగా ఉండేవాళ్లకు భోజనం పెడుతున్నాం. మొన్న ఒక పెద్దాయన వడ్డించకముందే నిలబడి చాలాసేపు వాక్యం చెప్పారు. రాత్రంతా నిద్ర లేని ఒకావిడ ఖాళీ గిన్నె పట్టుకుని, మంచం మీది కొడుకు వైపోసారి, మా వైపోసారి చూస్తూ, ఆయన అడిగినదానికల్లా తల ఊపింది. నాకు మనసొప్పలేదు. ఆ మాటే అంటే, "సువార్త లేకపోతే అది ఒట్టి సోషల్ వర్క్" అన్నారు. నిజంగా అంతేనా?

బెరయ:
సిస్టర్, ఆ పెద్దాయన మాటలో న్యాయముంది. అయిదు వేలమందికి రొట్టెలు పంచకముందు యేసు ఏం చేశాడో మార్కు 6:34 చూడండి. కాపరి లేని గొర్రెల్లా ఉన్నారని కనికరపడి, ముందు బోధించాడు. 1974లో స్విట్జర్లాండ్‌లోని లాసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభ చేసిన ప్రకటన కూడా సామాజిక బాధ్యత మన విధే అంటూ, సంఘం చేసే సేవలో సువార్తకే మొదటి స్థానం ఇచ్చింది. నిత్యజీవం గురించి తెలిసుండి, ఒక్క ముక్క చెప్పకుండా గిన్నె నింపి వచ్చేస్తే అది ప్రేమేనా?

సిలోయం:
బ్రదర్, ఒక్క వచనం వెనక్కి వెళ్లండి. ఆ జనం యేసు కోసం తమంతట తాము పరుగెత్తుకుంటూ వచ్చినవాళ్లు (6:33). వినడం ఇష్టం లేనివాడు లేచి వెళ్లిపోవచ్చు. మంచాన పడ్డ కొడుకును వదిలి ఆ తల్లి ఎక్కడికి వెళ్తుంది? పైగా రొట్టెలు పంచేటప్పుడు ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదని ఆయన ఆరా తీయలేదు.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు, తిరిగొచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది ఏరని అడిగాడే గానీ, వాళ్ల స్వస్థత వెనక్కి తీసుకున్నట్టు లేదు. బేతెస్ద కోనేటి దగ్గర లేచి నడిచినవాడికైతే తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు (యోహాను 5:13). తర్వాత దేవాలయంలో యేసే అతన్ని కలిసి మాట్లాడాడు.

"ఒట్టి సోషల్ వర్క్" అన్నమాట మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. మత్తయి 25లో తీర్పు తీర్చే రాజుగా యేసు గుర్తు చేసుకున్నవి ఆకలి, దాహం, బట్ట, రోగం, చెరసాల. అవి చేసినవాళ్లకు తాము ఆయనకే చేశామని కూడా తెలియదు. 4వ శతాబ్దంలో క్రైస్తవ్యమంటే గిట్టని రోమా చక్రవర్తి జూలియన్ తన పూజారికి ఉత్తరం రాస్తూ, వీళ్లు తమ పేదలనే కాదు, మన పేదలను కూడా పోషిస్తున్నారని వాపోయాడు. మన విశ్వాసం ఎలాంటిదో ఆ అన్నం పెట్టడంలోనే అతనికి కనబడింది.

ఎప్పుడు దేవుని గురించి మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకుని ప్రేమనే మాట్లాడనివ్వాలో క్రైస్తవుడికి తెలుస్తుందని పోప్ బెనడిక్ట్ 16 కూడా 2005లో రాశారు. వాక్యం వద్దన్నవాళ్లకూ అదే భోజనం, అంతే ఆప్యాయంగా అందుతుందా? మీ టీమ్‌ను అడగాల్సింది ఇదే.

బెరయ:
షరతు పెట్టకూడదంటే ఒప్పుకుంటాను. కానీ అపొస్తలుల కార్యములు 3లో పేతురు కుంటివాణ్ని యేసు పేరు చెప్పే లేపాడు కదా. మనం పేరే ఎత్తకపోతే మహిమ ఎవరికి వెళ్తుంది?

సిలోయం:
పేరు దాచమని నేనెక్కడా అనలేదు. పేతురు ప్రసంగం చేసింది ఆ మనిషి లేచి నడిచాక, జనం ఆశ్చర్యపోయి చుట్టూ మూగాక. ఆయనే తర్వాత, అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంతో చెప్పండి అని రాశాడు (1 పేతురు 3:15).

తబిత సిస్టర్, ముందు వడ్డించేయండి. వాళ్లు తిన్నాక పక్కన కూర్చుని బాబుకి ఎలా ఉందో అడగండి. ప్రార్థన చేయమంటారా అని ఒక్కొక్కరినీ విడిగా, నెమ్మదిగా అడగండి. అందరి ముందూ అడిగితే మొహమాటానికి సరే అంటారు. వద్దంటే మళ్లీ ఆ మాట ఎత్తకండి, కానీ రేపు కూడా వాళ్ల దగ్గరికి వెళ్లండి.

బెరయ:
విడిగా అడగడం బాగానే ఉంది. అయినా వడ్డించేముందు అందరూ వినేలా రెండు నిమిషాల ప్రార్థన ఉండాల్సిందేనని నా అభిప్రాయం. అన్నం ముందు పెట్టుకుని కృతజ్ఞత చెప్పకుండా ఎలా ఉంటాం?

తబిత:
ఆ కృతజ్ఞత వంట చేసేచోట, బయల్దేరేముందు మేమందరం కలిసి చెప్పుకుంటాం బ్రదర్. వార్డులో మాత్రం ముందు భోజనమే. ఈ మాట ఆ పెద్దాయనతో నేనే మాట్లాడతాను.