స్వాల్‌బార్డ్ ఫ్యోర్డ్‌లలో చిన్న ఓడలకూ ఇన్ని ఆంక్షలు అవసరమా?

మంచుదారి:
2025 జనవరి 1 నుంచి ఆర్కిటిక్‌లోని తన స్వాల్‌బార్డ్ దీవుల్లో నార్వే కొత్త నిబంధనలు అమలు చేస్తోంది. రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడ రాకూడదు. అక్కడ ఒడ్డున దిగడానికి 43 చోట్లే. ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అయితే 500. మొదటిది సబబే. మిగతా రెండూ నాకు మింగుడుపడటం లేదు. అర కిలోమీటరు అవతలి ఎలుగుబంటి బైనాక్యులర్లో కాస్త పసుపు తిరిగిన చుక్క, అంతే. దగ్గరగా చూసినవాళ్లే కదా రేపు దాని తరఫున మాట్లాడేది?

కెరటం:
ఆ మాట నేనూ చాలాకాలం నమ్మానండీ. 2019 జూన్ చివర్లో అక్కడి లీఫ్డెఫ్యోర్డెన్ అనే ఫ్యోర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపాయలో ఉన్నాం. ఒడ్డునంటుకున్న మంచుపలక మీద ఎలుగుబంటి సీల్‌ను తింటోంది. ఇంజిన్ చప్పుడు బాగా తగ్గించి మెల్లగా దగ్గరికి వెళ్లాం. అది తలెత్తి, ముక్కు గాలిలోకి చాపి, రెండుసార్లు అటూ ఇటూ తిప్పింది. తర్వాత మాంసం వదిలేసి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెంటనే గల్ పక్షులు వాలాయి. అప్పట్లో మీటర్ల లెక్క లేదు, కలవరపెట్టకూడదని మాత్రమే ఉండేది. ఎంతైతే కలవరం అన్నది ఓడవాళ్ల అంచనా. నెలల తరబడి తిండిలేక, పిల్లలతో గుహలోంచి బయటికొచ్చే తల్లి వేటాడేది వసంతంలో హిమానీనదాల ముందుండే ఆ మంచు మీదే. రింగ్డ్ సీల్స్ ఈనేదీ అక్కడే. 500 ఊరికే పెట్టలేదు.

తెడ్డు:
నాది వేరే అభ్యంతరం. చిన్న ఓడ అనగానే మంచిదనేస్తున్నాం. తలసరి ఇంధనం దానికి తక్కువేమీ కాదు, చాలాసార్లు ఎక్కువే. పైగా పెద్ద ఓడ ఫ్యోర్డ్ మధ్యలో ఆగి వెనక్కి తిరుగుతుంది. చిన్నది రబ్బరు పడవలు దించి మూలమూలకీ పోతుంది. అలాస్కాలో గ్లేసియర్ బే చూడండి. రోజుకి 2 పెద్ద క్రూయిజ్ ఓడలకే అనుమతి. జాన్స్ హాప్కిన్స్ పాయలోకి మాత్రం మే, జూన్‌లలో చిన్నా పెద్దా ఏదీ వెళ్లకూడదు. అక్కడ హార్బర్ సీల్స్ మంచుగడ్డల మీద ఈనుతాయి. బెదిరిన తల్లి నీళ్లలోకి దూకితే పాలు తాగే పిల్ల ఒంటరిదైపోతుంది. బెదరగొట్టింది ఎంత పెద్ద ఓడో సీల్‌కి అనవసరం.

మంచుదారి:
కెరటం గారూ, ఆ వదిలేసిన మాంసం సంగతి చదివాక ఎలుగుబంటి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 43 చోట్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. వచ్చినవాళ్లంతా అవే దారుల్లో తొక్కితే అక్కడి నాచు ఏమైపోవాలి? ఆ చలిలో ఒక్క అడుగుజాడ పూడటానికే ఏళ్లు పడుతుంది.

కెరటం:
అన్నిచోట్లా కొంచెం కొంచెం తొక్కడం కన్నా కొన్నిచోట్ల తొక్కడమే నయం అని నా లెక్క. అసలు దిగకపోయినా పోయేదేముంది? అదే ఫ్యోర్డ్‌లో మొనాకో హిమానీనదం ముందు, మంచు విరిగిపడినా అలలు అందనంత దూరంలో, పడవ ఇంజిన్ ఆపేశాం. చుట్టూ తేలే మంచుముక్కల్లో ఎప్పటిదో గాలి బుడగలు చిటపటమని పగులుతున్నాయి. హిమానీనదం అడుగునుంచి కరిగిన నీరు గోధుమరంగు మరకలా పైకొస్తోంది. అది లోతునుంచి మోసుకొచ్చే చిన్న జీవాల కోసం కిట్టివేక్ పక్షులు గుంపులుగా మునిగి లేస్తున్నాయి. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు.

మంచుదారి:
అంత చక్కగా చెప్పాక వాదించడం కష్టమే. అయినా ఆ 43లో ఏటా కొన్ని మూసి కొన్ని తెరవాలి, నేలకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. దీని మీద మాత్రం నేను తగ్గనండీ.