చెక్క ట్రాక్ మీద స్లాట్ కారుకు ఏ టైరు మేలు?

ప్రశ్న, పర్లాకిమిడి నుండి:
ఎం.డి.ఎఫ్. (చెక్కనారను అదిమి చేసిన) పలకలతో తయారుచేసి ఎమల్షన్ రంగు వేసిన మా ట్రాక్ మీద 1/32 స్కేలు స్లాట్ కార్లను (ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో నడిచే, అసలు కారులో 32వ వంతు ఉండే బొమ్మ కార్లను), వాటిని ట్రాక్‌కు పట్టి ఉంచే అయస్కాంతం తీసివేసి నడుపుతున్నాము. కారుతో వచ్చిన రబ్బరు టైర్లు మలుపుల వద్ద జారిపోతున్నాయి. రథయాత్ర సెలవులకు మేనల్లుళ్లు వచ్చేలోపు సరిచేయాలని నా కోరిక. సిలికాన్, యూరెథేన్, స్పాంజి రబ్బరులలో ఏది ఎంచుకోవాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు, రాయగడ నుండి:
అన్నగారూ, నునుపైన రంగు పూత మీద సిలికానే గట్టి పట్టు ఇస్తుంది. అయితే దుమ్ము అంటిన వెంటనే ఆ పట్టు పోతుంది కనుక, పరుగుకు ముందు ట్రాక్ తుడిచి, టైర్లను అంటుటేపు మీద దొర్లించాలి. స్పాంజి రబ్బరు, సహజ రబ్బరు టైర్లు ట్రాక్ మీద సన్నని రబ్బరు పొరను వదులుతాయి; ఆ పొర మీద వాటి పట్టు పెరుగుతుంది, సిలికాన్ పట్టు మాత్రం తగ్గుతుంది. అందుచేత ఒకే ట్రాక్ మీద ఈ రెండు రకాలను దయచేసి కలపవద్దు.

జవాబు, బరంపురం నుండి:
రోజూ తుడిచే ఓపిక లేని ఇంటికి యూరెథేన్ మంచిదని నా అభిప్రాయం. దుమ్మును అది మెరుగ్గా తట్టుకుంటుంది. కానీ కొత్తవి కొనేముందు, ఉన్న రబ్బరు టైర్లను రిమ్ముకు జిగురుతో అతికించి, గరుకు కాగితం మీద తక్కువ వేగంతో తిప్పి, గుండ్రంగా అరగదీసి చూడండి. టైరు వంకరగా ఉంటే, అది ఏ పదార్థంతో చేసినదైనా కారు ఎగురుతుంది. సిలికాన్‌ను ఇలా అరగదీయడం కష్టం.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా అరగదీసి, ఫలితం ఇక్కడే రాస్తాను.