ఇల్లు చెక్ చేయడానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ బూట్లు విప్పాలా, అక్కర్లేదా?

గోదారోడు_ఫ్రిస్కో: ఇల్లు అమ్మకానికి పెట్టాం. కొనేవాళ్లు పంపిన ఇన్‌స్పెక్టర్ బూట్లతోనే పూజగదిలోకి వెళ్లాడు. అంతా కెమెరాలో చూశాం. గుమ్మం పక్కనే చెప్పుల స్టాండు ఉంది. ఆ మాత్రం తెలియదా?

అటకమనిషి: టెక్సాస్‌లో నేనూ లైసెన్సున్న ఇన్‌స్పెక్టర్‌నే. రూఫ్ ఎక్కితే పైన పరిచిన షింగిల్స్ పలకల ఇసుక బూట్లకు అంటుకుంటుంది, నిజమే. అందుకే లోపలికొచ్చేటప్పుడు కవర్లు వేసుకుంటాను. అటక నిచ్చెన మీద అవి జారతాయి, అక్కడ తీసేసి దిగాక మళ్లీ తొడుక్కుంటాను. బూట్లే విప్పమంటే మాత్రం కుదరదు. అటకలో మేకులు తేలి ఉంటాయి, ఫైబర్‌గ్లాస్ పీచు సాక్సుల్లోకి దిగితే ఒకటే దురద.

గోదారోడు_ఫ్రిస్కో: అటక గురించి ఎవరడిగారు సార్? పూజగదిలో మేకులున్నాయా?

అటకమనిషి: ప్లగ్ పాయింట్ ఉంటుంది. సీలింగ్ మీద తడి మరక ఉండొచ్చు. చూడకుండా వదిలేస్తే రేపు కొన్నవాళ్లు నన్నే పట్టుకుంటారు.

విజయ_ఇర్వింగ్: మా డిష్‌వాషర్ రిపేరుకొచ్చిన అబ్బాయి అడక్కుండానే కవర్లు వేసుకున్నాడు.

బుజ్జి_హైదరాబాద్: ఇక్కడ ఎలక్ట్రీషియన్ మర్యాదకు చెప్పులు బయట వదిలి, ఒట్టి కాళ్లతో స్విచ్ బోర్డు విప్పబోయాడు. మా నాన్న కేకలేసి మళ్లీ వేయించారు.

గోదారోడు_ఫ్రిస్కో: విషయం పక్కదారి పట్టించకండి. దేవుడి గది ముందు ఒక్క నిమిషం విప్పితే ఏం పోయింది?

అటకమనిషి: ఏజెంటుతో ముందే చెప్పించారా? తలుపు మీద కాగితమైనా అంటించారా?

గోదారోడు_ఫ్రిస్కో: అదీ చెప్పాలా? వచ్చినవాడు తెలుగువాడేనండీ! పైగా చాంతాడంత రిపోర్టు రాశాడు. గరాజ్‌లో జీఎఫ్‌సీఐ, అదే షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ప్లగ్, లేదట, అటకలో వాటర్ హీటర్ కింద కారిన నీళ్లు పట్టే పాన్ తుప్పట్టిందట. అది చూపించి, ఆప్షన్ పీరియడ్, అంటే కొనకుండా తప్పుకునే గడువు, అయిపోతుందనగా వాళ్లు రేటు తగ్గించమన్నారు.

అటకమనిషి: అదీ సంగతి! కోపం రిపోర్టు మీదన్నమాట. మాకు ఫీజు ఇచ్చేది కొనేవాళ్లు. తెలుగువాళ్ల ఇల్లని లోపాలు దాచమంటారా?

గోదారోడు_ఫ్రిస్కో: దాచమని ఎవరన్నారు? ఫీజు వాళ్లదైతే గుమ్మం నాది. క్లోజింగ్ అయి ఇల్లు చేతులు మారేదాకా నాదే.

విజయ_ఇర్వింగ్: మీరు కొన్నప్పుడు వచ్చినాయన బూట్లు విప్పాడాండీ?

గోదారోడు_ఫ్రిస్కో: అప్పుడు ఆ గదిలో దేవుడు లేడు. వాళ్ల ట్రెడ్‌మిల్ ఉండేది.

అటకమనిషి: సరే గానీ, ఆ పాన్ మాత్రం మార్పించండి. హీటర్ కారితే నీళ్లు కిందికే వస్తాయి.